కళ్ళంలో దొరికిన ఇరవై ఆరు పళ్ళు

ఆ ఆదివారం సుభానీ పెట్టుకున్న పనులు మూడే మూడు. తెల్లవారి నమాజు చదువుకుని కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు ఒకసారి తిరగేయడం, పదింటికల్లా కాయలు ఏరే కూలీలకు టీ పంపించడం, సాయంత్రం నాలుగు గంటలకు కూతురు షాహిస్తాను పర్చూరులో గుంటూరు బస్సు ఎక్కించడం. మూడూ చేతనైన పనులే. చేతగాని పని జోలికి వెళ్ళే మనిషి కాదతను. ఏడాదిగా కింది దవడలో ఎడమవైపు పన్ను ఒకటి ఊగుతోంది. దాన్ని పీకించుకోవడం తనవల్ల అయ్యే పని కాదని తేల్చుకుని, అన్నం కుడివైపే నములుతూ, నవ్వినా కుడివైపే నవ్వుతూ నెట్టుకొస్తున్నాడు. కూతురు పళ్ళ డాక్టరు చదువు చదువుతున్న ఇంట్లో ఇలాంటి సంగతి బయటపెట్టడం అంత క్షేమం కాదని కూడా అతనికి తెలుసు.

షాహిస్తా గుంటూరు కాలేజీలో మొదటి ఏడు. శనివారం సాయంత్రం ఇంటికి వస్తూ సంచిలో ఒక గాజు సీసా తెచ్చింది. సీసాలో బ్లీచింగ్ కలిపిన నీళ్ళు, నీళ్ళలో పళ్ళు. తల్లి నస్రత్ వంటింటి అలమరలో తన మాగాయ జాడీ పక్కన ఆ సీసాను చూసింది.

"ఏందే ఇది?"

"పళ్ళమ్మా. పరీక్షకి."

"ఎవరివి?"

"ఎవరివో! పర్చూరు డాక్టరు గారు పీకినవి దాచి పెట్టమంటే పెట్టారు. బస్సు దిగి తెచ్చుకున్నా."

"ఊరూ పేరూ తెలియని వాళ్ళ పళ్ళు తెచ్చి నా మాగాయ పక్కన పెడతావా? తియ్ ముందు!"

సీసా వంటింట్లోంచి వసారాలోకి, వసారాలో కూడా వాసన కొడుతోందని పెరట్లో కుళాయి పక్కకి వెళ్ళింది. ఆ కుళాయి పక్కనే చెత్త బకెట్టు ఉంటుంది. ఈ మాటలు జరిగేటప్పుడు సుభానీ మసీదులో ఉన్నాడు. ఇంట్లో ఉండి ఉంటే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

పొద్దున నమాజు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోబోతూ అతను సీసా చూశాడు. మొదట వెల్లుల్లి రెబ్బలనుకున్నాడు. వెలుతురులోకి ఎత్తి చూసేసరికి ఒక్కోదానికీ వేళ్ళు కనిపించాయి. మనిషి పళ్ళు. లెక్కపెడితే ఇరవై ఆరు. వీధి చివర చెత్త బండి పాట వినిపిస్తోంది. పని తీరిపోయి పిల్ల పారేసిందన్నమాట అనుకున్నాడు. లేపి అడుగుదామంటే, చదివి చదివి అలిసిపోయి పుస్తకం మీదే తల పెట్టి పడుకుంది. లేపబుద్ధి కాలేదు.

సుభానీ కత్తిరించిన గోరును కూడా కాగితంలో చుట్టి మట్టిలో పెట్టే మనిషి. అది తల్లి ఖాదర్‌బీ నేర్పిన పద్ధతి. ఆవిడ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలను సైతం జామచెట్టు మొదట్లో పూడ్చేది. "మట్టిలోంచి వచ్చింది మట్టిలోకే పోవాలి" అనేది. "ఊడిపోయిన వెంట్రుకకి ఆ సంగతి తెలుస్తుందా అమ్మా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాడు. "దానికి తెలియకపోతే నీకు తెలుస్తుందిగా" అందావిడ. ఆ జవాబు సరైనదో కాదో సుభానీకి ఇప్పటికీ తేలలేదు గాని, పద్ధతి మాత్రం మానలేదు. గోరుకే అంత మర్యాద ఉన్నప్పుడు ఇరవై ఆరు పళ్ళను ఉల్లిపొట్టుతోపాటు చెత్త బండి ఎక్కించడమా? ఎవరి నోట్లోవో, ఏ దేవుణ్ణి తలచుకున్న నోళ్ళో. ఎవరివైనా అన్నం నమిలినవే కదా.

నీళ్ళు పారబోసి, పళ్ళను మూడుసార్లు కడిగి, ఉతికిన తెల్ల రుమాలులో చుట్టి జేబులో వేసుకుని కళ్ళానికి బయల్దేరాడు.

ఆ కళ్ళం సుభానీ, యలమందయ్య కలిసి కౌలుకు తీసుకున్నది. సగంలో ఇతని కాయలు, సగంలో అతనివి. ఎవరూ తొక్కని మూల చూసి, పలుగుతో జానెడు గుంత తీసి, రుమాలు అందులో పెట్టి, మట్టి కప్పి, చేతులెత్తి దువా చేశాడు. ఎవరివో తెలియని పళ్ళకు ఏ దువా చెప్పాలో తెలియలేదు. "యా అల్లా, వీటి యజమానులు ఎక్కడున్నా నొప్పి లేకుండా చూడు" అన్నాడు. తన ఊగే పన్ను కూడా ఆ మాట విన్నట్టు ఒకసారి సలిపింది.

కళ్ళు తెరిచేసరికి యలమందయ్య తన మిరప రాశి అవతల నిలబడి ఉన్నాడు. నోట్లో వెలిగించని చుట్ట.

"ఒరేయ్ సుభానీ, ఏందిరా పూడుస్తున్నావ్?"

"ఏం లేదన్నా."

"ఏం లేనిదానికి గుంతెందుకురా?"

సుభానీ అబద్ధం చెప్పడు. అలాగని పొద్దున్నే ఒక మనిషితో 'ఇరవై ఆరు మనిషి పళ్ళు' అనడం మర్యాదగా తోచలేదు. "చిన్న పనిలే అన్నా" అని తల వంచుకుని బయటపడ్డాడు. యలమందయ్య ఆ మూలను చూశాడు, తన రాశిని చూశాడు. మధ్య దూరం నాలుగు అడుగులు. సెల్‌ఫోను తీశాడు.

సుభానీ ఇంటికి వచ్చేసరికి కేకలు వీధిలోకి వినిపిస్తున్నాయి.

"నా పళ్ళేవి? అమ్మా, నా పళ్ళు!"

"నోట్లోనే ఉన్నాయి గదే, అందుకేగా అట్టా అరుస్తున్నావ్" అంది నస్రత్ గిన్నెలు తోముతూ.

"సీసాలోవి!"

సుభానీ గొంతు సవరించుకున్నాడు. "నేను పూడ్చిపెట్టానమ్మా. నువ్వు పారేశావనుకున్నా. శుభ్రంగా కడిగి, బట్టలో చుట్టి, దువా చేసి మరీ పూడ్చాను." చివరి మాట కాస్త మెప్పు దొరుకుతుందన్న ఆశతో అన్నాడు.

షాహిస్తా వసారా గట్టు మీద కూలబడింది. ఏడుస్తూనే సంగతి చెప్పింది. రేపు పొద్దున తొమ్మిదింటికి ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి పెద్ద సారు వస్తాడు. ప్రతి పిల్లా తను ఏరి, పేరు రాసుకున్న ఎనిమిది ప్రీమోలార్ పళ్ళు పెట్టెలో పెట్టుకుని రావాలి. పెట్టె లేకపోతే హాల్లోకి రానివ్వరు. మళ్ళీ ఆరు నెలలు ఆగాలి.

"ప్రీమోలార్లంటే?" అన్నాడు సుభానీ.

"కోరపన్నుకీ వెనక పెద్ద దవడపళ్ళకీ మధ్యలో ఉండేవి. పక్కకి రెండు చొప్పున పైన నాలుగు, కింద నాలుగు."

సుభానీ మొహం వెలిగింది. "అగ్రచర్వణకాలు!" ఎనిమిదో తరగతి సైన్సులో బట్టీ పట్టిన మాట. అవి తన నోట్లోనే ఉంటాయని ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఆ తరగతి తప్పాకే అతను బడి మానేశాడు.

"అవే నాన్నా. నాకసలు అవే రావు. అన్నీ ఒకేలా ఉంటాయి. పైది కింద, కుడిది ఎడమ చెప్పి రెండుసార్లు క్లాసులో నిలబడ్డాను. అందుకేగా చూసి చూసి నేర్చుకుందామని ఇన్ని తెచ్చుకుంది!"

"లే. తవ్వి తీసుకొద్దాం. ఎంతసేపు!" అన్నాడు సుభానీ.

బండి మీద కళ్ళానికి చేరేసరికి అక్కడ రెండు మార్పులు జరిగి ఉన్నాయి. ఒకటి, కూలీలు వచ్చి ఆ మూలతో సహా పట్టాలు పరిచి కాయలు పోసేశారు. పదకొండు మంది ఆడవాళ్ళు ఘాటుకు మూతుల మీదుగా గుడ్డలు కట్టుకుని, రంగు లేని తాలు కాయలు ఏరి పక్కన పడేస్తున్నారు. వాళ్ళ పెద్ద యలమందయ్య భార్య వెంకటేశ్వరమ్మ. రెండోది, యలమందయ్య పక్కన సచివాలయం మహిళా పోలీసు స్తుతి రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఉద్యోగానికి కొత్త. మిరప ఘాటుకు మరీ కొత్త.

"సుభానీ గారూ," అని తుమ్మింది. "మీరు ఈయన రాశి పక్కన ఏదో మంత్రించి..." మళ్ళీ తుమ్మింది. "పాతారని ఫిర్యాదు."

"మంత్రమేందమ్మా, దువా!"

"చూశావా? చదివానని వాడే ఒప్పుకున్నాడు!" అన్నాడు యలమందయ్య. "నా కాయలన్నీ తాలుపడాలని చేశాడు. నిన్నటిదాకా తమ్ముడనుకున్నా."

పట్టాలు జరిపారు. తవ్వడానికి సుభానీ ముందుకు వస్తే, సాక్ష్యం మార్చేస్తాడని యలమందయ్య పలుగు తనే లాక్కున్నాడు. కసిగా ఒక్క పోటు పొడిచాడు. అడుగున ఏదో చిటుక్కుమంది. షాహిస్తా గుండె కూడా అలాగే చిటుక్కుమంది.

స్తుతి రుమాలు విప్పింది. కూలీలంతా వంగి చూశారు. మూతులకు గుడ్డలు ఉండబట్టి అరుపులు సగమే బయటకు వచ్చాయి.

"మనిషి పళ్ళు!"

"ఎవర్నో చంపేశాడు!" ఈ మాట ఎవరన్నారో గాని, అంతకుముందు చేతబడి అన్నవాళ్ళు కూడా వెంటనే ఇటు మారిపోయారు.

"అయ్యో, అవి నా పళ్ళక్కా! అంటే, నా చదువు పళ్ళు" అంటూ షాహిస్తా ముందుకు వచ్చింది. "నేను డెంటల్ స్టూడెంట్‌ని. డాక్టరు గారి దగ్గర తెచ్చుకున్నా."

స్తుతి పెన్ను తీసింది. "ఇవన్నీ ఒక్క మనిషివేనా?"

ఏడాదిగా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం అలవాటైన పిల్ల. "కాదక్కా. ఒక మనిషికి ఈ రకం ఎనిమిదే ఉంటాయి. ఇవి ఇరవై ఆరు."

స్తుతి రిజిస్టరు అంచున లెక్క వేసింది. "అంటే తక్కువలో తక్కువ నలుగురు." రాసుకుంది. కూలీలు నాలుగడుగులు వెనక్కి వేశారు.

"అమ్మా, ఇంక చెప్పమాకు" అన్నాడు సుభానీ మెల్లగా.

"నిజం చెప్తే భయమేంది నాన్నా! అక్కా, కావాలంటే వేరుచేసి చూపిస్తా. అన్నీ పీకిన పళ్ళేనని తెలుస్తుంది."

వెంకటేశ్వరమ్మ ఒక తెల్ల గోనెపట్టా తెచ్చి పరిచింది. ఆవిడకు చావు కంటే కలిసిపోయిన సరుకు ఎక్కువ చికాకు. "రకానికి ఒక గుర్తు చెప్పు పిల్లా. లక్ష కాయల్లో తాలు ఏరే చేతులు ఇవి. ఇరవై ఆరు ఎంత!"

షాహిస్తా కళ్ళు తుడుచుకుని ఒకటి ఎత్తి పట్టుకుంది. "ఇదిగో పెద్దమ్మా. వేరు రెండుగా చీలితే పైదవడలో మొదటిది."

"రెండు కాళ్ళది పైన మొదటిది. ఊఁ."

"ఒక్కటే వేరుండి, పైన ఈ రెండు బుడిపెలూ సమానంగా ఉంటే పైన రెండోది. బయటి బుడిపె పెద్దదై, లోపలిది జొన్నగింజంత ఉంటే కింద మొదటిది. అది చూడ్డానికి కోరపన్నుకి చెల్లెల్లా ఉంటుంది. బుడిపెలు మూడుంటే, బయట ఒకటి లోపల రెండు, కింద రెండోది. ఎప్పుడూ ఇంతే అని కాదు, మామూలుగా ఇంతే."

"తాలు కాయ కూడా అంతే. మామూలుగా తెల్లగా ఉంటుంది" అంది వెంకటేశ్వరమ్మ. ఆవిడ వేళ్ళు కదిలాయి. పళ్ళు నాలుగు కుప్పలయ్యాయి. షాహిస్తా తప్పు పెట్టిన ఒకదాన్ని కూడా తీసి పక్క కుప్పలో వేసింది. "ఇది రెండు కాళ్ళదే పిల్లా, ఒక కాలు విరిగింది. సరిగ్గా చూడు."

షాహిస్తా చూసింది. నిజమే.

"మరి కుడీ ఎడమా?" అడిగింది స్తుతి. ఆ పిల్లకు తుమ్ముల మధ్య అసలు ఆసక్తి మొదలైంది.

"ఈ రెండు కాళ్ళదానికి ఒక పక్క, చిగురు దగ్గర, చిన్న గుంట ఉంది చూడండి. అది ఎప్పుడూ ముందుపళ్ళ వైపే ఉంటుంది." వెంకటేశ్వరమ్మ ఆ పన్నును తన బుగ్గకు ఆనించి, గుంటను ముక్కు వైపు తిప్పి, "కుడి" అంది. మరొకటి తిప్పి, "ఎడమ" అంది. కూలీలు ఇప్పుడు నాలుగడుగులు ముందుకు వచ్చారు. పదకొండు మందీ తమ బుగ్గలు తడిమి చూసుకుంటున్నారు.

"పైన, మొదటిది, కుడి... ఏడు!" అంది షాహిస్తా, మొదటిసారి అన్నీ సరిగ్గా చెప్పిన ఆనందంలో.

స్తుతి రాయడం ఆపింది. "ఒక మనిషికి అలాంటిది ఎన్ని ఉంటాయి?"

"ఒక్కటే."

స్తుతి 'నలుగురు' కొట్టేసి 'ఏడుగురు' అని రాసింది.

"ఏడుగురు!" యలమందయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒరేయ్, పొదిలి నుంచి వచ్చిన కూలీలు ఏడుగురేగా! పోయిన వారం చెప్పకుండా వెళ్ళిపోయారన్నావే నాతో!"

"వెళ్ళిపోయారన్నా! బస్సెక్కారు!"

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. పొద్దున తను చేసింది మంచి పనే అని సుభానీకి ఇంకా నమ్మకం ఉంది. మంచి పని చేసిన మనిషికి మధ్యాహ్నంలోపు ఏడు హత్యలు ఎలా అంటుకున్నాయో మాత్రం అర్థం కాలేదు. కూతురు ఇంకొక్క గుర్తు చెబితే ఎనిమిది అవుతాయేమోనని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు వెంకటేశ్వరమ్మ ఆ ఏడింటిలోంచి ఒకటి పైకి తీసింది. గోధుమ రంగు తిరిగి, ఒక పక్క నల్లటి చార ఉన్న పన్ను. దాన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"నోరు తెరువు."

"ఎందుకే?"

"తెరువు!"

యలమందయ్య తెరిచాడు. పైన కుడివైపు, కోరపన్ను వెనక, ఖాళీ.

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా ఈ చుట్ట రంగు. నాకు తెలియదా?" అంది ఆవిడ. "నా జంతిక కొరికితే ఊడి బాయిలో పడిందన్నావే! నా చేతి జంతికలు రాళ్ళని ఊరంతా చెప్పావే! పాపం ఈయన పన్ను పోగొట్టానని సంక్రాంతి నుంచి నేను జంతికల గొట్టం ముట్టలేదే!"

యలమందయ్య నోటి నుంచి చుట్ట జారి కింద పడింది. నిజం మెల్లగా బయటకు వచ్చింది. పన్ను పుచ్చితే పర్చూరులో డాక్టరు చైతన్యకృష్ణ పీకాడు. చుట్ట మానమన్నాడు. ఆ మాట ఇంట్లో తెలిస్తే చుట్ట నిజంగానే మానాల్సి వస్తుందని జంతిక మీదికి నెట్టాడు.

స్తుతి రిజిస్టరు వైపు చూసింది, యలమందయ్య వైపు చూసింది. "అంటే చచ్చిపోయినవాళ్ళలో ఒకరు మీరే. ఫిర్యాదు ఇచ్చింది కూడా మీరే." ఇలాంటిది ఎక్కడ రాయాలో రిజిస్టరులో గడి లేదు. 'ఏడుగురు' కొట్టేసి, ఆలోచించి, "పొదిలి వాళ్ళ ఫోను నంబరుందా?" అంది. నంబరు వెంకటేశ్వరమ్మ దగ్గరే ఉంది. ఫోను చేస్తే, ఏడుగురూ పొదిలిలో కందికాయ కోస్తున్నారు. ఏడుగురూ మాట్లాడారు. ఒకడు తన చెంబు కళ్ళంలో మర్చిపోయానని, జాగ్రత్త చెయ్యమని అడిగాడు.

అంతా నవ్వారు, షాహిస్తా తప్ప. ఆమె నాలుగో కుప్ప ముందు కూర్చుని ఉంది. కింది దవడ రెండో పళ్ళు సీసాలో రెండే ఉండేవి, కుడిది ఒకటి, ఎడమది ఒకటి. ఎడమది ఇప్పుడు మూడు ముక్కలై ఉంది. పలుగు దాని మీదే పడింది.

"ఏడే ఉన్నాయి నాన్నా. ఎనిమిదోది లేకపోతే రానివ్వరు." ఈసారి ఆమె అరవలేదు. అందుకే సుభానీకి ఎక్కువ బాధ కలిగింది.

యలమందయ్య పలుగు వైపు చూసి, దాన్ని రాశి వెనక్కి జరిపాడు. "అమ్మాయ్, నా పన్ను పెట్టుకో. గట్టి పన్ను."

"అది పైది పెదనాన్నా. నాకు కావాల్సింది కింది దవడ, ఎడమ, రెండోది."

"పద, ట్రాక్టరు తీస్తా. డాక్టరునే అడుగుదాం."

డాక్టరు చేతిరాత కాగితం లేకుండా ఫిర్యాదు మూయలేనని స్తుతి ఎక్కింది. మొగుణ్ణి డాక్టరు ముందే నాలుగు మాటలు అడగాలని వెంకటేశ్వరమ్మ ఎక్కింది. సుభానీ పళ్ళ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పర్చూరు ఆసుపత్రి వరండాలో ఆరుగురు రోగులు బల్ల మీద ఉన్నారు. పోలీసమ్మాయి ముందు నడవగా, వెనక ఒక మనిషి రుమాలు నిండా పళ్ళు పట్టుకుని రావడం చూసి, అందులో నలుగురికి నొప్పి అప్పటికప్పుడు తగ్గిపోయింది. లేచి వెళ్ళిపోయారు.

డాక్టరు చైతన్యకృష్ణ సంగతంతా విని కాగితం రాసిచ్చాడు. "ఈ పళ్ళలో సగం మన చుట్టుపక్కల పెళ్ళి వయసు పిల్లలవేనండీ. పళ్ళకు క్లిప్పులు వేసేటప్పుడు చోటు కోసం తీసేస్తాం. ఎక్కువగా ఆ రెండు వేళ్ళదే తీస్తాం. ఏడు ఉండటంలో వింతేం లేదు. అందరూ బతికే ఉన్నారు, బాగా నవ్వుతున్నారు కూడా." తర్వాత షాహిస్తా వైపు తిరిగి తల ఊపాడు. "కింది రెండోది మాత్రం నా దగ్గర లేదమ్మా. ఉన్నవన్నీ నీకే ఇచ్చాను. అది పీకే అవసరం తక్కువ పడుతుంది."

"ఒక్కటి డాక్టరు గారూ" అన్నాడు సుభానీ, చేతులు జోడించి. "ఎక్కడన్నా ఒక్కటి దొరక్కపోతుందా? చీరాల్లో అడగనా? ఒంగోలు పొమ్మన్నా పోతా. తప్పు నాది. పిల్లకి ఆరు నెలలు పోతే..."

ఇంత గట్టిగా, రెండు వైపులా నోరు తెరిచి మాట్లాడి అతనికి ఏడాదయింది. డాక్టరు మాటలు వినడం మానేసి, ఆ నోట్లోకే చూస్తున్నాడు.

"ఒకసారి అలాగే ఉంచండి." లైటు దించాడు. మధ్య నుంచి లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు కోరపన్ను, నాలుగు, ఐదు. కింద. ఎడమ. రెండో ప్రీమోలార్." వేలితో కదిపాడు. అది వయ్యారంగా ఊగింది. "బుడిపెలు మూడూ చెక్కు చెదరలేదు. చిగురు పూర్తిగా వదిలేసింది. ఎన్నాళ్ళ నుంచి?"

షాహిస్తా, యలమందయ్య, వెంకటేశ్వరమ్మ, స్తుతి, నలుగురూ ఒకేసారి సుభానీ వైపు తిరిగారు. ఆ చూపు అతనికి తెలుసు. బక్రీదు ముందు రోజు పెరట్లో కట్టేసిన పొట్టేలును ఇంటిల్లిపాదీ చూసే చూపు అది. ఎంతో ప్రేమగా ఉంటుంది.

"నాన్నా, ఏడాదిగా దాచావా?" అంది షాహిస్తా.

"దాచలేదమ్మా. చెప్పలేదు."

"ఎట్టాగూ తీయాల్సిందేనండీ. ఉంచితే పక్క పన్ను కూడా పాడవుతుంది" అన్నాడు డాక్టరు, చెయ్యి తుడుచుకుంటూ.

సుభానీ తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర యలమందయ్య నిలబడి ఉన్నాడు. పొద్దున ఇరవై ఆరు పళ్ళను, యజమానుల్లో ఒక్కరినీ అడగకుండా మట్టిలో పెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఇప్పుడు తనను మాత్రం అడుగుతున్నారు. ఇది న్యాయమేనా అని ఎదురు ప్రశ్న వేయడానికి అతనికి చోటు కనిపించలేదు. కుర్చీ ఎక్కి కూర్చున్నాడు.

"బిస్మిల్లా" అన్నాడు సూది పొడిచేటప్పుడు. మూతి మొద్దుబారాక మరోసారి అందామని నోరు తెరిచాడు. మాట పూర్తి కాకముందే పళ్ళెంలో టంగుమంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంతేనా?" ఏడాదిపాటు పడ్డ భయం పళ్ళెంలో పడి ఇంత చిన్నగా ఉండటం చూసి అతనికి కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

వెంకటేశ్వరమ్మ వంగి చూసింది. "మూడు బుడిపెలు. నిఖార్సయిన సరుకు."

"నాది కూడా పెట్టెలో పెట్టమ్మా, పైన మొదటి కుడిది ఏదో ఒకటి కావాలిగా. ఏడింటిలో నాదే గట్టిది" అన్నాడు యలమందయ్య ఆశగా.

"ఆ రంగు చూస్తే పెద్ద సారు పన్ను వదిలేసి చుట్ట గురించి అడుగుతాడు పెదనాన్నా."

వెంకటేశ్వరమ్మ ఆ మాటను డాక్టరు ముందు రెండోసారి చెప్పించింది.

నాలుగింటి బస్సు అందింది. ఎనిమిది పళ్ళు, ఎనిమిది పేర్లు, ఒక పెట్టె. బుగ్గలో దూది పెట్టుకున్న సుభానీ చెయ్యి మాత్రమే ఊపాడు.

సోమవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. షాహిస్తా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పెద్ద సారు పెట్టె మూత తీశాడు, ఎనిమిదింటిలో వేలు పెట్టి ఒకటి తీశాడు. సరిగ్గా ఆ ఒక్కటే.

"ఇదేమిటమ్మా?"

"కింది దవడ, ఎడమ, రెండో ప్రీమోలార్ సార్."

"తిప్పి కూడా చూడలేదు. అంత కచ్చితంగా ఎలా చెప్పావ్?"

"మా నాన్నగారిది సార్."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడట. "నాన్నగారిది కాకపోతే ఎలా చెప్తావ్?" అన్నాడట. అప్పుడు షాహిస్తా కళ్ళంలో గోనెపట్టా మీద చెప్పినట్టే చెప్పింది. ఎన్ని బుడిపెలు, ఎటు వంపు, ఏది దేనికి చెల్లెలు. మిగతా ఏడూ అడిగాడు. ఏడూ చెప్పింది. వాళ్ళకు పాఠం చెప్పే మేడం వెనక నిలబడి రెండుసార్లు తల ఊపింది.

"మరి నా పన్ను ఎప్పుడు తెస్తావు?" అన్నాడు సుభానీ. మిగిలిన పద్దెనిమిదింటినీ, ఆ మూడు ముక్కలనూ ఈసారి స్తుతికి ఫోను చేసి, యలమందయ్యను పక్కన నిలబెట్టుకుని పూడ్చబోతున్నాడు. వాటితోపాటు తనది కూడా పెట్టేస్తే ఒక పనైపోతుంది.

"రాదు నాన్నా. అంత శుభ్రమైనది తమ దగ్గర లేదని సారు అడిగి కాలేజీలో పెట్టించారు. అద్దాల పెట్టెలో, నంబరు వేసి. ఇకనుంచి పరీక్షలన్నిటికీ అదే పెడతారట."

సుభానీ ఆ సంగతి రెండు రోజులు ఆలోచించాడు. మట్టిలోంచి వచ్చింది మట్టిలోకే పోవాలి, నిజమే. కాని అమ్మ తొందరగా పోవాలని చెప్పినట్టు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు. వెనకాల మిగతా మనిషి ఎలాగూ వస్తాడు, ఆ ఒక్క పన్నుకూ అంత తొందరేముంది అనిపించింది. అలా అనుకోవడం తప్పా ఒప్పా అన్నది పైవాడికి వదిలి, రెండు వైపులా అన్నం నమలడం మొదలుపెట్టాడు. యలమందయ్య ఇంటి నుంచి కొత్తగా వేసిన జంతికలు కూడా వచ్చాయి. అవి నిజంగానే రాళ్ళలా ఉన్నాయి గాని, ఆ మాట అనే ధైర్యం ఇప్పుడు ఊళ్ళో ఎవరికీ లేదు.

సుభానీ ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయాడు. అతని పన్ను మాత్రం ఏటా గుంటూరులో పరీక్షకు కూర్చుంటోంది, ఇంతవరకు ఒక్కసారీ తప్పలేదు.